చేతులెత్తే లెక్క: బాప్టిస్టు సంఘంలో స్త్రీ మాట ఎంతవరకు చెల్లుతుంది?

2024 జూన్ 12న అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరంలో ఓటింగు జరిగింది. అనుకూలంగా 5,099 ఓట్లు, వ్యతిరేకంగా 3,185 ఓట్లు పడ్డాయి. మన సర్పంచి ఎన్నికల్లో 1,914 ఓట్ల ఆధిక్యం వస్తే ఊరేగింపు మొదలైపోతుంది. అక్కడ మాత్రం 5,099 ఓట్లు వచ్చిన పక్షమే ఓడిపోయింది. ఇంతకీ ఓటింగు దేని మీదంటే, ఏ రకం పాస్టరుగానైనా సరే, స్త్రీని పెట్టుకున్న సంఘానికి తమ కూటమిలో చోటు లేదని నిబంధనల్లోనే రాసేయాలా వద్దా అన్నదాని మీద.

ఆ కూటమి పేరు సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్. అమెరికాలో అతి పెద్ద ప్రొటెస్టెంటు కూటమి అదే. దాని నిబంధనావళిని మార్చాలంటే వరుసగా రెండేళ్ళు, ఏటా మూడింట రెండొంతుల ఓట్లు రావాలి. 2023లో న్యూ ఆర్లీన్స్ సభలో ఈ సవరణ గట్టెక్కింది. 2024లో చెల్లనివాటితో కలిపి 8,298 ఓట్లు పోలయ్యాయి. అందులో మూడింట రెండొంతులంటే 5,532. వచ్చినవి 5,099. అంటే 433 తక్కువ. దాంతో కథ మళ్ళీ మొదటికొచ్చింది. 2025లో డల్లాస్‌లో సవరణను ఇంకోసారి పెట్టారు. అనుకూలం 3,421, వ్యతిరేకం 2,191. చెల్లనివాటినీ కలిపి లెక్కిస్తే ఈసారి 334 ఓట్లు చాలలేదు.

ఈ వార్తలు చదివిన మన సంఘాల్లోని వాళ్ళు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న ఇది: బాప్టిస్టుల్లో బిషపు ఉండడు, పైనుంచి హుకుం జారీ చేసేవాళ్ళు లేరంటారు కదా, మరి ఎక్కడో కూర్చున్న ఎనిమిది వేలమంది ఒక సంఘం పాస్టరు ఎవరో ఎలా తేలుస్తారు? ప్రశ్న సరైనదే. వాళ్ళు తేల్చలేరు. బాప్టిస్టు పద్ధతిలో ప్రతి స్థానిక సంఘం తన ఇంటికి తానే యజమాని. పాస్టరును పిలవడం, పంపడం, జీతం కట్టడం, పైకప్పు వేయించడం, కానుకల లెక్క చూడడం అన్నీ ఆ సంఘ సభ్యుల ఓటుతోనే జరగాలి. బాప్తిస్మం తీసుకుని సభ్యత్వం పొందిన ప్రతి ఒక్కరికీ ఒక ఓటు. కన్వెన్షన్ చేయగలిగింది ఒక్కటే. ‘మీరు ఇకమీదట మాతో సహకరించే సంఘం కాదు’ అని చెప్పి పొత్తు తెంచుకోవచ్చు. గుడి తాళాలు మాత్రం సంఘం దగ్గరే ఉంటాయి.

2023లో పొత్తు అలాగే తెగింది. కాలిఫోర్నియాలోని శాడిల్‌బ్యాక్ సంఘం రిక్ వారెన్ స్థాపించినది, వేలమంది ఆరాధనకు వచ్చేది. కెంటకీ రాష్ట్రం లూయివిల్‌లోని ఫెర్న్ క్రీక్ సంఘం చిన్నది, అక్కడ లిండా బార్న్స్ పాపమ్ అప్పటికి మూడు దశాబ్దాలుగా పాస్టరు. స్త్రీలు పాస్టర్లుగా ఉన్నారన్న కారణంతో రెండిటినీ పక్కనపెట్టారు. రెండూ సభలో అప్పీలు చేసుకున్నాయి. శాడిల్‌బ్యాక్‌ను తీసేయడం సరైనదేనన్న వాళ్ళు 9,437 మంది, కాదన్న వాళ్ళు 1,212 మంది. ఫెర్న్ క్రీక్ విషయంలో 9,700 మంది అటు, 806 మంది ఇటు.

ఇక్కడ లెక్కలు చూసేవాళ్ళకు చిక్కుముడి ఎదురవుతుంది. 2023లో స్త్రీ పాస్టరున్న సంఘాన్ని వెళ్ళగొట్టడానికి నూటికి 88 మంది చెయ్యెత్తారు. ఆ మరుసటి ఏడే, అదే పని చేసే నిబంధన రాయడానికి నూటికి 61 మందే ఎత్తారు. ఏడాదిలో నూటికి 27 మంది మనసు మార్చుకున్నారా? లేదు. పాస్టరు పదవి పురుషులకేనని ఈ కూటమి 2000లోనే తన విశ్వాస ప్రకటనలో రాసుకుంది. దాని ఆధారంగానే రెండు సంఘాల్ని పంపించింది. కాబట్టి చాలామంది వాదన ఏమిటంటే, ఉన్న కత్తి తెగుతూనే ఉంది, ఇంకోటెందుకు? పైగా పిల్లల పరిచర్య చూసే స్త్రీని ‘చిల్డ్రన్స్ పాస్టర్’ అని పిలుచుకునే సంఘాలున్నాయి. కొత్త నిబంధన వస్తే వాటి వెంట కూడా పడాల్సొస్తుందని భయం. అందుచేత ‘వద్దు’ అన్న ఆ 3,185 మందినీ స్త్రీ పాస్టర్ల పక్షాన నిలిచినవాళ్ళని అనుకుంటే మోసపోతాం. పత్రికల్లో శీర్షికలు చూసి సంబరపడ్డవాళ్ళు, బాధపడ్డవాళ్ళు ఇద్దరూ ఈ సంగతి వదిలేశారు.

ఇంకో వింత చూడండి. 1984లో కాన్సస్ సిటీ సభలో స్త్రీల అభిషేకానికి వ్యతిరేకంగా తీర్మానం పెట్టారు. అభిషేకం అంటే, చేతులుంచి ప్రార్థించి ఒకరిని సేవకు ప్రత్యేకించడం. 4,793 మంది అనుకూలం, 3,466 మంది వ్యతిరేకం. అనుకూలం నూటికి 58. నలభై ఏళ్ళ తర్వాత 61, ఆ తర్వాత ఇంచుమించు 61. అడిగిన ప్రశ్నలు వేరు, మధ్యలో వేరుకుంపటి పెట్టుకుని వెళ్ళిపోయిన సంఘాలూ ఉన్నాయి. అయినా ప్రతి అయిదుగురిలో ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఇంకోవైపు అన్న వాటా పెద్దగా కదల్లేదు. మూడింట రెండొంతులన్న గడప లేకపోతే ఈ చర్చ ఎప్పుడో ముగిసేది.

ఓటేసిన ఆ ఎనిమిది వేలమంది ఎవరు? వాళ్ళను ‘మెసెంజర్లు’ అంటారు. తమ సంఘం తరఫున సభకు వెళ్ళే ప్రతినిధులు. సహకరించే ప్రతి సంఘానికీ ఇద్దరు ఖాయం. ఆపైన సంఘం తన ఆదాయంలో కన్వెన్షన్ పనులకు ఇచ్చే ప్రతి 1 శాతానికి, లేదా ప్రతి 6,000 డాలర్లకు ఇంకొకరు. ఎంత ఇచ్చినా 12 మందికి మించకూడదు. ఇప్పుడు దీన్ని మన కొలతలోకి తెద్దాం. అప్పట్లో ఆ కూటమిలో సుమారు 47,000 సంఘాలు, కోటీ 30 లక్షల సభ్యులు. ఓటేసినవాళ్ళు 8,298. అంటే దాదాపు 1,560 మందికి ఒక్కరు. 60,000 జనాభా ఉన్న మన మండలంలో 40 మంది కూడా ఓటేయనట్టు. దారి ఖర్చులు, హోటలు గది, కొన్ని రోజుల సెలవు ఉన్నవాళ్ళే అంతదూరం పోగలరు. పసిపిల్ల తల్లికి, గంటల లెక్కన కూలి చేసే స్త్రీకి అది ఎంత తేలికో వేరే చెప్పనక్కర్లేదు.

మరి ఆ సభలో స్త్రీలకు ఓటుందా అన్న సందేహం రావాలి. ఉంది. ఊరికే మాత్రం రాలేదు. 1885లో జార్జియాలోని అగస్టా సభకు ఆర్కన్సా రాష్ట్రం నుంచి ఇద్దరు స్త్రీలు ప్రతినిధులుగా వచ్చారు. సభలో పెద్ద దుమారం లేచింది. చివరికి నిబంధనలో ‘సభ్యులు’ అన్న చోట ‘సహోదరులు’ అని మార్చి తలుపు మూశారు. మళ్ళీ తెరిచింది 1918లో, అదీ ఆర్కన్సాలోనే, హాట్ స్ప్రింగ్స్ సభలో. మధ్యలో 33 ఏళ్ళు, అంటే ఒక ఇంట్లో కూతురు పెరిగి తల్లయ్యేంత కాలం. దేశమంతటా అమెరికా స్త్రీలకు ఓటు వచ్చింది 1920లో. అంటే ఈ కూటమి తన ప్రభుత్వం కన్నా రెండేళ్ళు ముందుంది. ఆ మాట ఎవరూ పెద్దగా చెప్పుకోరు.

ఓటు వచ్చిన వెంటనే నోరు వచ్చిందా? స్త్రీల మిషనరీ యూనియన్ అధ్యక్షురాలు కాక్స్ ఆ సభలో ప్రసంగించిన తొలి స్త్రీ. అది 1929లో, ఓటొచ్చిన 11 ఏళ్ళకు. 1963లో మారీ మాథిస్ ఉపాధ్యక్షురాలయ్యారు. అధ్యక్ష స్థానంలో ఇప్పటిదాకా ఒక్క స్త్రీ కూర్చోలేదు. 1964లో నార్త్ కరొలైనాలోని డర్హమ్‌లో ఒక సంఘం యాడీ డేవిస్‌ను అభిషేకించింది. ఈ కూటమిలో అభిషేకం పొందిన తొలి స్త్రీ ఆమె. అభిషేకమైతే జరిగింది గాని దక్షిణాదిలో ఏ సంఘమూ పాస్టరుగా పిలవలేదు. ఆమె ఉత్తరాన వెర్మాంట్‌కు వెళ్ళి అక్కడ పాస్టరుగా పనిచేశారు.

డబ్బు విషయానికొస్తే కథ పూర్తిగా వేరు. సభలోంచి బయటికి పంపబడ్డ మూడేళ్ళకు, 1888లో, రిచ్‌మండ్ నగరంలో స్త్రీలు తమ యూనియన్‌ను స్థాపించుకున్నారు. కూడుకున్నది ఒక మెథడిస్టు గుడిలో. ఆ ఏడు చైనాలో పనిచేస్తున్న లాటీ మూన్‌కు తోడుగా ఇద్దరిని పంపడానికి 2,000 డాలర్లు కావాలని క్రిస్మస్ కానుక ఎత్తారు. 3,315 డాలర్లు వచ్చాయి. ఇద్దరికి బదులు ముగ్గురిని పంపారు. అదే కానుక ఇప్పుడు ఆమె పేరుతోనే ఏటా దాదాపు 20 కోట్ల డాలర్లు. కూటమి విదేశీ సేవకు అదే ప్రధాన ఆధారాల్లో ఒకటి. ఆ లాటీ మూన్ 1883లోనే, చైనాకు వచ్చే స్త్రీలకు పనిలో పూర్తి సమానత్వం అడిగే హక్కుందని రాశారు. కానుక డబ్బా మీద ఆమె పేరు చదివే చాలామందికి ఆ వ్యాసం సంగతి తెలియదు.

స్త్రీలందరిదీ ఒకే మాట అనుకోవడం కూడా తప్పే. ఆ యూనియన్‌ను తొలి 18 ఏళ్ళు నడిపిన ఆనీ ఆర్మ్‌స్ట్రాంగ్ జీతం తీసుకోలేదు. ఉత్తరాలు, కరపత్రాలతో దేశమంతా కదిలించారు. కానీ పురుషులున్న సభలో స్త్రీ నిలబడి మాట్లాడడాన్ని ఆమే ఒప్పుకోలేదు. కాబట్టి స్త్రీలు సగానికి మించి ఉన్న సంఘంలో ఓటు పెడితే స్త్రీల పక్షమే గెలుస్తుందన్న లెక్క కాగితం మీదే నిలుస్తుంది.

సరే, ఇదంతా అమెరికా దక్షిణాది గొడవ, మనకేంటి అంటారా? మన తెలుగు బాప్టిస్టుల మూలం ఆ దక్షిణాది కాదు, అసలు సంగతి అదే. 1845లో బానిసత్వం మీద తగువుతో అమెరికా బాప్టిస్టులు రెండుగా చీలారు. నెల్లూరు, ఒంగోలు పని ఉత్తరాది వాళ్ళతోనే నిలిచింది. ఆ ఉత్తరాది కన్వెన్షన్‌కు 1921లోనే హెలెన్ బారెట్ మాంట్‌గోమరీ అధ్యక్షురాలయ్యారు. గ్రీకు నుంచి కొత్త నిబంధనను తానే అనువదించి 1924లో ప్రచురించిన మనిషి ఆమె. ‘బాప్టిస్టులు స్త్రీలను ఒప్పుకోరు’ అని ఎవరైనా ఒక్క ముక్కలో తేల్చేస్తే, ఏ బాప్టిస్టులు అని అడగడం మర్యాదే.

మన నేల మీద లెక్క ఇంకా ముందు మొదలవుతుంది. ఒంగోలులో ప్రార్థన కొండ అని చూపిస్తారు. 1854 కొత్త సంవత్సరం రోజున తెల్లవారుజామునే ఆ కొండెక్కి ప్రార్థించింది అయిదుగురు. మిషనరీ జ్యూయెట్ దంపతులు, నర్సు అనే క్రైస్తవుడు, జూలియా, రూతు. అయిదుగురిలో ముగ్గురు స్త్రీలు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో బాప్తిస్మం పొందిన 2,222 మంది సంఖ్య తెలుగు క్రైస్తవ ఇళ్ళల్లో చాలామందికి కంఠతా వచ్చు. ఆ ముగ్గురు స్త్రీల పేర్లు మాత్రం అడిగితే తడుముకుంటారు. తర్వాత ఊరూరా తిరిగిన బైబిల్ స్త్రీలదీ అంతే. ఇంటి లోపలికి పురుష ప్రసంగీకుడు పోలేని చోట పెరటి గుమ్మంలో కూర్చుని వాక్యం చెప్పింది వాళ్ళు. చేసింది బోధే, ఇచ్చిన పేరు సహాయకురాలు.

కోస్తా పై జిల్లాల్లో పనిచేసిన కెనడా బాప్టిస్టుల చరిత్రలోనూ ఇలాంటిదే ఒకటుంది. 1870లో హానా నోరిస్ అనే యువతి బర్మాకు పంపమంటే బోర్డు డబ్బుల్లేవంది, సంఘాల్లోని స్త్రీలను అడుక్కోమంది. ఆమె ఒక్క వేసవిలో 32 స్త్రీల సమాజాలు పెట్టించి, వాళ్ళ డబ్బుతోనే ఓడెక్కారు. పెళ్ళయ్యాక భర్తతో కలిసి కొన్నాళ్ళు శ్రీకాకుళంలోనూ పనిచేశారు. 1947లో ఒంటారియో, క్విబెక్ కన్వెన్షన్‌లో అభిషేకం పొందిన తొలి స్త్రీ మ్యూరియెల్ కార్డర్ కూడా భారతదేశానికి మిషనరీగా వచ్చినవారే.

ఇక అసలైన సందేహం. వాక్యంలో స్త్రీ మౌనంగా ఉండాలని ఉంది కదా, దానికేమంటారు? తిమోతికి రాసిన మొదటి పత్రిక 2వ అధ్యాయాన్ని ఒకరు చూపిస్తారు. కెంక్రేయ సంఘ పరిచారకురాలు ఫీబేను, అపొల్లోకు బోధించిన ప్రిస్కిల్లను, కుమార్తెలు కూడా ప్రవచిస్తారన్న పెంతెకొస్తు ప్రసంగాన్ని ఇంకొకరు చూపిస్తారు. ఈ వ్యాసం ఆ తగువు తీర్చదు. కానీ ఒక్క గీత గమనించండి. ఇండియానాపొలిస్‌లో కొట్టుకున్నది పాస్టరు పదవి గురించి. స్త్రీ ఓటు గురించి, కమిటీలో కూర్చోవడం గురించి, లెక్కలు అడగడం గురించి కాదు. పదవి వద్దన్న కూటమిలోనే స్త్రీలు ప్రతినిధులై ఓటేస్తున్నారు. కాబట్టి ఆ వచనాన్ని చూపించి వార్షిక సమావేశంలో ఒక స్త్రీని కూర్చోబెట్టేస్తే, ఆ సదరన్ బాప్టిస్టులకన్నా కూడా నాలుగడుగులు వెనక్కి పోయినట్టు.

మన సంఘాల్లో మాట ఎక్కడ ఇంకిపోతుందో చూడడానికి ఊహాలెక్క ఒకటి వేద్దాం. సభ్యులు 200 మంది, అందులో స్త్రీలు 120. ఆదివారం ఆరాధన అయ్యేసరికి పన్నెండున్నర. కార్యదర్శి లేచి, ‘జనరల్ బాడీ ఉంది, సభ్యులు ఉండండి’ అంటారు. పిల్లలకు ఆకలి, ఇంటి దగ్గర పొయ్యి మీద ఏమీ లేదు. స్త్రీల వైపు చాపలు సగం ఖాళీ అవుతాయి. మిగిలింది 50 మంది పురుషులు, 35 మంది స్త్రీలనుకుందాం. జాబితాలో నూటికి 60 ఉన్న స్త్రీలు ఆ గదిలో నూటికి 41. లెక్కలు గబగబా చదివి, ‘అందరికీ సమ్మతమేనా?’ అని అడుగుతారు. ముందు వరుసలోంచి ‘సమ్మతమే’ అని నాలుగు గొంతులు. తీర్మానం ఏకగ్రీవం. ఎవరూ ఎవరినీ ఆపలేదు, కుట్రేమీ జరగలేదు. గడియారమే పని కానిచ్చింది.

ఇప్పుడు కమిటీ. 11 మందిలో స్త్రీలు ఇద్దరనుకుందాం, అంటే నూటికి 18. ఆ ఇద్దరిలో ఒకరు పాస్టరమ్మగారు, రెండోవారు స్త్రీల సమాజం అధ్యక్షురాలు. ఇద్దరూ ఇంకో హోదా వల్ల వచ్చినవాళ్ళే. సభ్యులు నేరుగా ఎన్నుకున్న స్త్రీ సున్నా. సంఖ్య అడిగినప్పుడు ఈ తేడా కూడా అడగాలి. అలాగే డీకన్లు, అంటే సంఘ పనులూ ప్రభురాత్రి భోజనమూ చూసుకునే పరిచారకులు, వాళ్ళల్లో ఎందరు స్త్రీలు? కోశాధికారి తాళంచెవి ఎవరి దగ్గర? పాస్టరు కోసం వెతికే కమిటీలో ఎవరున్నారు? పాస్టరు పదవి గురించి ఎంత తగువున్నా, ఆయన్ను వెతికే కమిటీలో స్త్రీ ఉండకూడదని ఏ వచనం పేరుతోనూ ఎవరూ వాదించగా నేను వినలేదు. ఉండేవాళ్ళు మాత్రం తక్కువ.

దీనికి మందు పెద్ద ఉద్యమం అక్కర్లేదు, చిన్న చిన్న పనులు చాలు. ఎజెండా, లెక్కల కాగితం వారం ముందే నోటీసు బోర్డు మీద, సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టడం. సమావేశాన్ని భోజనాల తర్వాతకు మార్చడం, లేదంటే ఆ రోజు భోజనం గుళ్ళోనే పెట్టి వంట పని పురుషులకు అప్పజెప్పడం. ‘సమ్మతమేనా’ అని గాలిలోకి అడగకుండా ముఖ్యమైన వాటికి చీటీలు పంచడం. చీటీ ఓటులో భర్త ముందు చెయ్యెత్తాల్సిన ఇబ్బంది ఉండదు, మొదటిసారి పెట్టినప్పుడు ఏకగ్రీవాలు తగ్గినా కంగారు పడొద్దు. మినిట్స్ పుస్తకంలో, అంటే సమావేశపు నమోదులో, హాజరును స్త్రీ పురుషులుగా విడివిడిగా రాయడం. రెండేళ్ళ పేజీలు పక్కపక్కన పెడితే ఎవరి వాదనా అక్కర్లేకుండా పరిస్థితి తెలుస్తుంది.

అసోసియేషన్‌కు, కన్వెన్షన్‌కు పంపే ప్రతినిధుల జాబితా కూడా ఆ పుస్తకంలోనే ఉంటుంది. చాలాచోట్ల అది సమావేశం చివర్లో, జనం చెప్పులు వెతుక్కునే వేళ చదువుతారు. పోయినేడు వెళ్ళినవాళ్ళ పేర్లే మళ్ళీ వస్తాయి. దాన్ని ఎజెండాలో మొదటి అంశంగా పెట్టించమని ఏ సభ్యురాలైనా కార్యదర్శిగారికి ముందే చీటీ రాసివ్వొచ్చు.